మహమూదమ్మ ‘మన’

ఐక్యతా గానోత్సవ కమిటీ పెద్దలారా, మా అమ్మను కోసేసింది మీరే. కత్తెర ఎవరి చేతిలో ఉందో నాకు అనవసరం. మదనపల్లె బస్టాండు ముందర, పుంగనూరు కూడలిలో, కుప్పం రైల్వేస్టేషను దారిలో మీరు కట్టిన ఫ్లెక్సీలన్నీ చూశాను. కింద పెద్ద అక్షరాలతో ‘మేమొక్క ఇంటివాళ్ళం’. పైన నారింజ, తెలుపు, ఆకుపచ్చ చీరల్లో ఆడవాళ్ళు, జెండా పరిచినట్టు. ఆకుపచ్చ వరుస చివర ఒక మోచెయ్యి మిగిలిపోయింది, మీరు చూసుకోలేదు. ఆ మోచేతికి నారింజ రంగు అంచు ఆనుకుని ఉంది. అది మా అమ్మ మోచెయ్యి. మిగతా మనిషిని ఏం చేశారు?

ఆకుపచ్చ పక్కన నారింజ ఉంటే జెండా చెడిపోతుందని కోసేశారు. ఐక్యత గురించి పాట పాడించి, ఆ సాయంత్రం మొత్తంలో నిజంగా జరిగిన ఒకే ఒక్క ఐక్యతను కత్తిరించి పారేశారు. ఏం పారేశారో మీకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. తెలిసే పారేసి ఉంటే, అప్పుడూ వినాల్సిందే.

ఉగాది అయిపోయి ఎండలు ముదిరిన రోజులవి. మదనపల్లె టమాటా యార్డులో మేము కాయలు ఏరుతాం. పెద్దవి ఒక క్రేటు, నడిమివి ఒక క్రేటు, గోళీలంతవి ఇంకో క్రేటు, పగిలినవి కాళ్ళ కింద. మా అమ్మ పేరు చిన్నమ్మ, ఆమె చెయ్యి ఆ పనిలో కళ్ళతో అవసరం లేకుండానే పోతుంది. కురబలకోట దగ్గర మాకు చేను ఉంది, బోరులో నీళ్ళు లేవు. చేనున్న ఇంటి మనిషినన్న బింకం మాత్రం అమ్మలో ఎండిపోలేదు. నేనూ ఏరేదాన్నే. రూప ఏరేదానికంటే అరిచేది ఎక్కువ అని నా మీద మండీవాళ్ళ మాట. నీడకు రేకులు వేయండి, తాగను నీళ్ళ తొట్టి పెట్టండి అని ఆ వేసవంతా అరుస్తూనే ఉన్నాను.

అలాంటప్పుడు మునిరత్నం సారు యార్డుకు వచ్చాడు. పుంగనూరులో తెలుగు పంతులుగా చేసి రిటైరైన మనిషి. పాట రాసి నేర్పించే పని కమిటీ ఆయనకు అప్పజెప్పింది. మూడూర్ల ఆడవాళ్ళు కలిసి పాడాలి, వేసవి చివర కుప్పంలో కచేరీ. పాట పాడితే నీళ్ళ తొట్టి వస్తుందా సారూ అని అడిగాను. రాదమ్మా, కానీ అడిగేటప్పుడు అందరి గొంతూ ఒక్కసారి లేవడం అలవాటవుతుంది అన్నాడు. ఆ మాటకు పడిపోయాను. నా గొంతు నినాదాలకు తప్ప పనికిరాదు. అమ్మ మాత్రం కలుపు తీసేటప్పుడు పాడిందంటే పక్క చేనువాళ్ళు కొడవలి ఆపేవాళ్ళు. అమ్మను, రెడ్డెమ్మను, యార్డులో ఇంకొందరిని పోగుచేసి ఆదివారం పొద్దున పుంగనూరు బస్సు ఎక్కించాను.

వేసవికి మూసిన బడి వరండాలో సాధన. మెట్ల మీద చెప్పులు విడుస్తూ అమ్మ ఆగిపోయింది. లోపల గోడకు ఆనుకుని మహమూదమ్మ కూర్చుని ఉంది.

మహమూదమ్మ మా నవీన్‌కు అత్త. నా తమ్ముడు నవీన్ ఆమె కూతురు షాహిదాను రిజిస్టరు పెళ్ళి చేసుకుని కుప్పంలో కాపురం పెట్టాడు. శాంతిపురం దగ్గర గ్రానైటు ఫ్యాక్టరీలో మెషీను మీద పని. ఆ పెళ్ళికి అమ్మ ఏడవలేదు, తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. వాడి పేరు ఎత్తడం మానేసింది, అంతే. చలికాలంలో వాళ్ళకు ఆడపిల్ల పుట్టిందని చెప్తే పొయ్యిలోకి కట్టె ఎగదోసి, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పింది. నేను పోయి పాపను చూసొచ్చాను. అమ్మ అడగలేదు. నేను చెప్పలేదు.

అమ్మ మెట్ల మీదనుంచే వెనక్కి పోతుందనుకున్నాను. పోతే ఆమెకు జడిసి పోయినట్టు ఉంటుందని అనుకుందో ఏమో, కొంగు దోపుకుని లోపలికి వచ్చింది.

సారు ఊరిని బట్టి నిలబెట్టలేదు, కులమడగలేదు, మతమడగలేదు. ఒక్కొక్కరితో ఒక ముక్క పాడించి, గొంతును బట్టి నిలబెట్టాడు. సన్నగొంతులు ముందర, బొంగురువి వెనక. అమ్మ గొంతూ మహమూదమ్మ గొంతూ ఒకే మందం. వెనక వరుసలో ఇద్దరూ పక్కపక్కన పడ్డారు. అమ్మ చూపించిన చోటే నిలబడింది. కాయను చూసి క్రేటులో వేయడం ఆమెకు తెలిసిన న్యాయం.

మహమూదమ్మది కర్ణాటక పక్క చింతామణి. పుంగనూరులో గాజుల అంగడి ఖాసింను చేసుకుని వచ్చింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఒక్క చోట తప్ప. ఆమె ఇంట్లో మాట్లాడే ఉర్దూలో మేమన్నా మనమన్నా ఒకటే మాట, హమ్. పుట్టినూరి కన్నడంలోనూ రెండింటికీ ఒకటే. అందుకని తెలుగులో ఆమెకు అంతా మన. మన అంగడి, మన మోకాళ్ళ నొప్పి, మన ఆయన.

మొదటి ఆదివారమే రెడ్డెమ్మ పట్టుకుంది. మన ఆయనకు నిన్నటినుంచి దగ్గు అని మహమూదమ్మ అనగానే, రెడ్డెమ్మ నోటిదాకా ఎత్తిన సద్దిముద్ద దించి అడిగింది.

"మన ఆయనంటే నాకీ భాగముండాదా మహమూదమ్మా? ఉంటే సెప్పు, దగ్గుమందు నువ్వు పొయ్యి, గాజులు నేను తీసకపోతా."

వరండా అంతా నవ్వింది. మహమూదమ్మే అందరికంటే ఎక్కువ నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అమ్మ నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో నాకు రెండు మూడు వారాలకు గానీ అర్థం కాలేదు. సద్దులు విప్పుకుని కూర్చున్నప్పుడు మహమూదమ్మ పాప సంగతి చెప్పేది. అమ్మకని కాదు, గాలికి చెప్పినట్టు అందరికీ. మన పాప నిన్న గట్టిగా నవ్వింది. మన పాపకు నిద్ర తక్కువ. మన పాప పిడికిలి మొత్తం నోట్లో పెట్టుకుంటుంది. అమ్మ అటు వీపు పెట్టి కూర్చునేది. కానీ మొదటి వారం దూరం స్తంభం దగ్గర కూర్చున్న మనిషి, తర్వాతి వారం దగ్గర స్తంభానికి వచ్చింది. ఆ తర్వాత స్తంభమే లేదు. వీపు మాత్రం అలాగే.

పాటలోనూ ఇద్దరికీ ఒక లంకె పడింది. రెండో చరణం ఎత్తుగడ అమ్మకు అందేది కాదు, ఎప్పుడూ ఒక అడుగు వెనక. మహమూదమ్మ ఎత్తుకునే ముందు గట్టిగా ఊపిరి పీలుస్తుంది. అమ్మ దాన్ని పట్టుకుంది. ఆ ఊపిరి వినపడగానే నోరు తెరిచేది, సరిగ్గా పడేది. ముఖాలు చూసుకోరు, పలకరించుకోరు. ఊపిరికి ఊపిరి అందించుకుని పాడుతున్నారు.

పల్లవి దగ్గరే తంటా వచ్చింది. అందరూ ‘మేమొక్క ఇంటివాళ్ళం’ అంటుంటే వెనకనుంచి ఒక బొంగురు గొంతు ‘మనమొక్క ఇంటివాళ్ళం’ అంటోంది. సారు హార్మోనియం ఆపాడు.

"మహమూదమ్మా, మాత్రలు సరిపోతాయి గానీ మాట సరిపోదు."

జరానికి వేసుకునే మాత్రలా సారూ అని రెడ్డెమ్మ అడిగింది. కాదమ్మా, తాళంలో లెక్కలే అని ఆయన నవ్వాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. వేదిక మీద మనం పాడుతున్నాం, కింద వాళ్ళు వింటున్నారు. వినేవాళ్ళను కూడా కలుపుకుంటే మన. కలుపుకోకపోతే మా, మేము. పాట వాళ్ళకు చెప్తోంది కాబట్టి మేము. ఆయన చెప్పిందాంట్లో ఒక్క తప్పు లేదు.

మహమూదమ్మ పట్టుదల మనిషి. వారమంతా అంగడిలో గాజులు తొడుగుతూ వచ్చినవాళ్ళందరి మీదా సాధన చేసిందట. తర్వాతి ఆదివారం వచ్చి నిలబడి, అప్పజెప్పినట్టు చెప్పింది: మా ఆయనకు దగ్గు తగ్గింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకింక భాగం లేదాని రెడ్డెమ్మ మూతి ముడిచింది. ఆ చప్పట్లకు మహమూదమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగులోనే ఇంకో మాట చెప్పింది.

"మా పాప బోర్లా పడిందమ్మా."

అమ్మ సద్దిగిన్నెకు గుడ్డ ముడేస్తోంది. ముడి సగంలో చెయ్యి ఆగింది. ఆ రోజు రెండో చరణం దగ్గర ఊపిరి వినపడినా అమ్మ నోరు తెరవలేదు.

తిరుగుబస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఊరి పొలిమేరలు దాటాక అడిగింది.

"మే రూపా. ఆ యమ్మ యాల అట్లనింది?"

"ఎట్లమ్మా?"

"మా పాప అనింది."

సారు దిద్దాడు కదా, ఇప్పుడు సరిగ్గా మాట్లాడుతోంది అని చెప్పాను. "సరిగ్గానా" అనింది అమ్మ. కొంగుతో మెడ తుడుచుకుని కిటికీ వైపు తిరిగింది. మదనపల్లె వచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఆ వారం మా ఇంట్లో రాగులు నానాయి. అమ్మ వాటిని తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక చాప మీద ఎండబోసి, వేయించి, మరకు తీసుకుపోయి మెత్తగా పట్టించుకొచ్చింది. మొలకల పిండితో కాచే రాగిసరి పసిబిడ్డలకు తొలి తిండి. మా ఇంట్లో పసిబిడ్డలు లేరు.

ఆదివారం ఆ పిండి పొట్లం వరండాలో మహమూదమ్మ సంచి పక్కన కనపడింది. ఎవరు పెట్టారో ఒక్క నేనే చూశాను. మహమూదమ్మ సాధన అయ్యాక సంచి తీసుకోబోయి, పొట్లం పైకెత్తి అందరికీ చూపించింది.

"ఇది మాది కాదమ్మా. మీదా?"

మాటలు తూచి తూచి పలికింది, సారు వైపు ఓరగా చూస్తూ. సారు బాగుందన్నట్టు తలూపాడు. ఆమె పాఠం ఆమె ఒప్పజెప్పుకుంటోంది, పాపం. చేతిలో ఏముందో ఆమెకు తెలియలేదు.

"ఎవురిదో" అనింది అమ్మ. నేను పోయి తీసుకుని చంకన పెట్టుకున్నాను. ఎమ్మెల్యే కారుకు అడ్డం పడి అరిచినదాన్ని, ఆ రోజు అమ్మకూ ఆ యమ్మకూ మధ్య మాత్రం నోరు దూర్చలేకపోయాను. పొట్లం మాతో పాటే ఇంటికి తిరిగొచ్చింది. అమ్మ దాన్ని వంటింట్లో పెట్టలేదు. తన చీరల సంచిలో పెట్టుకుంది.

ఇక మీ సంగతికి వస్తాను, కమిటీ పెద్దలారా.

కచేరీ రోజు కుప్పం కల్యాణమండపం వెనక గదిలో మీ శివకుమార్ చీరల మూటలు విప్పాడు. మీరు పంపిన మనిషే, వేదిక పనులన్నీ అతనివే. పేరు అడగడం, చీర చేతిలో పెట్టడం. చిన్నమ్మ అంటే నారింజ. మహమూదా అంటే ఆకుపచ్చ. మేరీ అంటే తెలుపు. రెడ్డెమ్మ తన చీర తిప్పి చూసి, మా సెల్లెలు సర్చికి పోతాది, నాకి సగం తెల్లది సించియ్యప్పా అనింది. అతను నవ్వలేదు. ఎవరు ఎక్కడ నిలబడాలో వేదిక మీద సున్నంతో గీతలు కూడా గీయించి పెట్టాడు.

గొంతును బట్టి నిలబడితేనే పాట నిలబడుతుంది, వేసవంతా అట్లాగే నేర్చుకున్నారు అని చెప్పాను. సారు కూడా చెప్పి చూశాడు.

"పాట యెవురు ఇంటారక్కా" అన్నాడు శివకుమార్. "కెమెరాకి కనపడాల గదా, ఐక్యత."

మేము కాయలు ఏరినట్టు మనుషులను ఏరారు మీరు. మేము ఏరేది అమ్మడానికి. మీరు?

వేదిక మీద అమ్మ నారింజ గీతలో ఈ చివర. మహమూదమ్మ ఆకుపచ్చ గీతలో ఆ చివర. నేను కింద ముందు వరుస పక్కన నిలబడి ఉన్నాను. జనం బాగానే వచ్చారు. వెనక తలుపు దగ్గర నవీన్, షాహిదా కనపడ్డారు. పాప షాహిదా భుజం మీద ఉంది. మహమూదమ్మ రమ్మని ఉంటుంది. అమ్మ చూసిందో లేదో నాకు తెలియలేదు.

పల్లవి బాగానే ఎత్తుకున్నారు. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండో చరణం దగ్గర బొంగురు గొంతులు చీలిపోయాయి, సగం ఇటు, సగం అటు, పాట నడుము విరిగినట్టు కుంగింది. అమ్మ నోరు తెరిచి మూసుకుంది. మళ్ళీ తెరిచి మూసుకుంది. తల తిప్పి ఆ చివరకు చూసింది. తర్వాత తన గీత దిగి, వరుస వెనకనుంచి నడిచింది. తొందర లేదు. యార్డులో నిండిన క్రేటు వదిలి ఖాళీ క్రేటు దగ్గరకు పోతుందే, ఆ నడక. తెల్లచీరల వెనకనుంచి పోయి, ఆకుపచ్చ వరుస చివర, మహమూదమ్మ పక్కన నిలబడింది. మహమూదమ్మ చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది.

శివకుమార్ తెర పక్కనుంచి చెయ్యి ఊపుతున్నాడు, ఆ పక్కకు పోమని. కుళ్ళిన కాయలు దించినవాణ్ణి చూసినట్టు చూసింది అమ్మ. మహమూదమ్మ ఊపిరి పీల్చింది. నాకు కిందికి వినపడలేదు గానీ భుజాలు లేవడం కనపడింది. ఇద్దరూ ఎత్తుకున్నారు. ఆ రెండు గొంతులనూ పట్టుకుని మిగతా గొంతులు లేచాయి.

చివరి పల్లవిలో అమ్మ ‘మనమొక్క ఇంటివాళ్ళం’ అని పాడింది.

మహమూదమ్మ తడబడింది. అంత కష్టపడి మానుకున్న మాట అది. సారు వైపు చూసింది. సారు కళ్ళు హార్మోనియం మీదే ఉన్నాయి, చేతులు ఆగలేదు. రెండోసారి ఆమె కూడా అలాగే పాడింది. మిగిలినవాళ్ళు కొందరు ఇలా, కొందరు అలా, ఆ గజిబిజిలోనే పాట అయిపోయింది. చప్పట్లు మామూలుగానే వచ్చాయి. తర్వాత ఎప్పుడో అడిగాను, గీత దాటి యాల పోయినావని. ఆ యమ్మ ఊపిరి యినపడకపోతే నాకి ఎత్తుగడ దొరకదు అని చెప్పింది, అంతకుమించి అందులో ఏమీ లేనట్టు.

మెట్ల దగ్గర జనం తగ్గాక అమ్మ తన సంచి వెతుక్కుని వచ్చింది. మహమూదమ్మ చెప్పులు తొడుక్కుంటోంది. అమ్మ ఆమె ముఖంలోకి చూసి మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

"మన పాప యాడుండాది?"

మహమూదమ్మ పెదాలు కదిలాయి. మన, మా, మన. లెక్క చూసుకుంది. తప్పు దొరకలేదు.

"ఆడ" అనింది, తలుపు వైపు చెయ్యి చూపించి. "ఆడ ఉండాది, వదినా."

అమ్మ పోయింది. పాపను వెంటనే ఎత్తుకోలేదు. చీరల సంచిలోంచి పిండి పొట్లం తీసి షాహిదా చేతిలో పెట్టింది. పల్చగా కాయాల, గడ్డ కట్టకుండా తిప్పతానే ఉండాల అని చెప్పింది. కోడలితో మాట్లాడిన మొదటి మాట అదే. మీరే ఒకసారి కాచి చూపించండి అత్తా అని షాహిదా అడిగింది. అమ్మ ఒప్పుకోలేదు, కాదనలేదు. సంచిని నవీన్ చేతికిచ్చింది, మోయమని. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, ముప్పై క్రేట్లు ఒక్కసారి ఎత్తినట్టు. అప్పుడు పాపను తీసుకుంది.

తిరుగుబస్సులో రెడ్డెమ్మ ఖాళీగా ఉన్న అమ్మ సీటులోకి కాళ్ళు చాపుకుని వచ్చింది. అమ్మ కుప్పంలోనే ఆగిపోయింది. మొదటి వానలు పడ్డాక మదనపల్లె వచ్చింది, ఒక్కతే రాలేదు, చంకలో పాప, వెనక నవీన్, షాహిదా. ఇప్పుడు మా ఇంట్లో నవీన్ పేరు పొద్దున లేచిందగ్గరనుంచి వినపడుతుంది, ఎక్కువగా తిట్టడానికే. మహమూదమ్మ వచ్చినప్పుడు ‘మా’ అనాలో ‘మన’ అనాలో ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆగి, మన అనే అంటుంది.

మొన్న అమ్మ పాపను చంకనేసుకుని బస్టాండు దగ్గర మీ ఫ్లెక్సీ కింద నిలబడింది. కళ్ళు చికిలించి వెతికింది. నేను లేనే అనింది. తర్వాత, ఆ మోసెయ్యి మాత్రం నాదే మాదిరుండాది అని నవ్వి, పాపకు చూపించింది. పాప ఆ మోచేతి వైపు చెయ్యి చాపింది. అమ్మ నవ్వి ఊరుకోగలదు. నేను ఊరుకోను.

కమిటీ పెద్దలారా, ఆ ఫ్లెక్సీలు దించండి. మీ దగ్గర కోయని ఫోటో ఉంది, అది పెట్టి మళ్ళీ కట్టండి, మూడూర్లలోనూ. వచ్చే వేసవి చీరలు తేవద్దు, సున్నం గీతలు గీయవద్దు, గొంతును బట్టి నిలబెట్టండి. కింద అక్షరాలు మార్చండి. ‘మేమొక్క’ తీసేసి ‘మనమొక్క’ అని వేయించండి. అనుమానముంటే మునిరత్నం సారునడగండి. మాత్రలు అప్పుడే సరిపోయాయి. ఇప్పుడు మాట కూడా సరిపోయింది.